వక్కపొడి పరీక్ష

పోయిన ఆదివారం మా అపార్టుమెంటు సంఘం మీటింగులో, లిఫ్టు ఎందుకు మాటిమాటికీ చెడిపోతుందో సెక్రటరీగారు గోడ మీద చార్టు వేసి చూపించారు. గుండ్రటి చార్టు. అందులో ఉన్నన్ని రంగులు మా బజారులో చీరల కొట్లో కూడా ఉండవు. ఆయన ఎర్రచుక్క పడే పెన్ను ఒకటి తెచ్చుకుని, ఆ చుక్కను చార్టు మీద బొంగరంలా తిప్పుతూ, ఏ ముక్క ఏమిటో, ఆ ముక్క పక్కన ఈ ముక్క ఎందుకుందో చెప్పుకుంటూ పోయారు. అందరం తలలూపాం. మేమంతా మెట్లెక్కి వచ్చినవాళ్లమే కాబట్టి లిఫ్టు పనిచేయటం లేదన్న ముఖ్య విషయం మాకు ముందే అర్థమైంది. మిగతాది ఏమీ అర్థం కాలేదు.

అప్పుడు నాకు తెలియకుండానే నా చెయ్యి చొక్కా జేబులోకి పోయింది, వక్కపొడి పొట్లం కోసం. నాకు ఆ అలవాటు లేదు. ఒకప్పుడు నాతో ఆఫీసులో పనిచేసిన ఒకావిడకుండేది. ఓ గుప్పెడు తీసి సెక్రటరీగారి నోట్లో పోస్తే, ఆ చార్టు మంచిదో కాదో అర నిమిషంలో తేలిపోయేది.

ఆవిడ పేరు రాయను. రాస్తే ఎవరో ఒకరు ఆవిడకు పంపిస్తారు. ఆవిడ చదివి, "ఇంత పొడుగెందుకయ్యా, ఒక బొమ్మ వేస్తే సరిపోయేది గదా" అంటుంది. మనుషుల గురించి రాసేటప్పుడు వాళ్లు క్షేమంగా ఉండటం అన్నివిధాలా సంతోషమే గాని, రాసేవాడికి కొంచెం ఇబ్బంది.

మేమిద్దరం పనిచేసిన ఆఫీసు నరసరావుపేటలో ఒక ఎరువుల కొట్టు పైన ఉండేది. మెట్లెక్కుతుంటే యూరియా వాసన, ఎక్కాక కంప్యూటర్ల వేడి. కోల్డ్ స్టోరేజీలకు, పాల డెయిరీలకు, నూలు మిల్లులకు వాళ్ల లెక్కలన్నీ తెర మీద బొమ్మలుగా చూపించే పని మాది. ఇలాంటి పనికి చార్టుల లైబ్రరీ అని ఒకటి ఉంటుంది. ఎవరో దూరదేశాల వాళ్లు రాసి ఊరికే ఇచ్చినది. రెడీమేడ్ బట్టల కొట్టు లాంటిది. గీత కావాలంటే గీత, నిలువు పట్టీలు కావాలంటే పట్టీలు, గుండ్రం కావాలంటే గుండ్రం. మన లెక్కలు పోస్తే అదే తొడిగి చూపిస్తుంది. కొన్ని ఒళ్లకు మాత్రం రెడీమేడ్ పట్టదు. అప్పుడు ఆ లైబ్రరీకి కొత్త రకం చార్టు నేర్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎటు గీయాలి, లెక్క మారితే ఏం చేయాలి, వేలు పెట్టి తాకితే ఏం చూపించాలి, అన్నీ మనమే రాసివ్వాలి. ఆ కుట్టుపని ఆవిడది.

నా ఉద్యోగం, తయారైన చార్టును కొన్నవాళ్లకు వివరించటం. ఆవిడ ఉద్యోగం, స్థూలంగా చెప్పాలంటే, నాకు ఉద్యోగం లేకుండా చేయటం.

"నువ్వు చానా బాగా చెబుతావయ్యా," అనేది. "అదే బాధ. నువ్వు చెబితే గోడను చూపించినా అర్థమైనట్టే ఉంటది."

అందుకని ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. కొత్త చార్టు ఏది తయారైనా, ఎవరికైనా చూపించే ముందు నోటినిండా వక్కపొడి వేసుకునేది. అలవాటు కొద్దీ కాదు, మాట్లాడటానికి వీల్లేకుండా. తెర వాళ్ల ముందు పెట్టి, చేతులు కట్టుకుని, దవడ ఆడిస్తూ నిలబడేది. ఎదుటి మనిషి "ఏందమ్మా ఇది?" అన్నాడంటే ఆ చార్టు అయిపోయింది. వారం రోజుల పనైనా సరే, వెళ్లి వక్కపొడి ఉమ్మేసి, మళ్లీ మొదట్నుంచి గీసేది. ఏమీ అడగకుండా, చార్టును గురించి కాక అందులో ఉన్న సంగతి గురించి మాట్లాడితే, అప్పుడు నమిలి మింగేది. మా ఆఫీసులో చార్టు పాసయిందా అని ఎవరూ అడిగేవాళ్లు కాదు. "మింగిందా?" అని అడిగేవాళ్లు.

ఆవిడ పుట్టిల్లు దుర్గి. దుర్గి అనగానే శిల్పుల ఊరు గదా, రాతిలో నేర్పు రక్తంలో వచ్చుంటుందని రాయాలని నాకూ ఉంది. కాని వాళ్లది కిరాణా కొట్టు. వాళ్ల నాన్నకు ఉలి పట్టుకోవటం రాదు. ఆవిడ మొదటి చార్టు చూసింది మాత్రం ఆ కొట్లోనే అనేది. కందిపప్పు, మినప్పప్పు, బియ్యం బస్తాలు వరసగా పెట్టి, సరుకు తగ్గేకొద్దీ బస్తా మూతిని కిందికి మడుచుకుంటూ వచ్చేవాడట వాళ్ల నాన్న. రోడ్డు మీద పోయేవాళ్లు కొట్టు గడప తొక్కకుండానే, "ఏం శెట్టీ, కందిపప్పు అడుగంటిందే, ధర పెరగబోతందా?" అని అడిగేవాళ్లట.

"ఎవరన్నా వచ్చి 'శెట్టీ, నీ బస్తా మూతి ఎందుకు మడిచావు?' అని అడిగారా? అడగలా. అదయ్యా చార్టంటే."

గుండ్రటి చార్టంటే ఆవిడకు పడదు. "గుండ్రంగా కోసేది పంచుకోటానికి, పోల్చుకోటానికి కాదు" అనేది. ఎవరైనా చార్టు మరీ తెలివిగా చేసుకొస్తే చాలాసేపు చూసి, "లెక్క బాగుందయ్యా" అనేది. మా ఆఫీసులో అంతకన్నా పెద్ద తిట్టు లేదు. ఒకసారి ఆ మాట పడిన కుర్రాడు మర్నాడు సెలవు పెట్టాడు.

ఇంకొక అలవాటు, వెనక్కి నడవటం. చార్టు గీసి తెర మీద పెట్టి, కళ్లు సగం మూసి, ఒక్కో అడుగే వెనక్కి వేసేది. "దూరంగా, సరిగ్గా కనపడకుండా చూసినప్పుడు కూడా సంగతి తెలియాల. ఎండలో, పగిలిన ఫోన్లో చూస్తారు జనం, మన ఏసీ రూములో కాదు" అని వాదన. మా ఆఫీసు అంత పెద్దది కాదు. ఒకరోజు అలా వెనక్కి నడుస్తూ గుమ్మం దాటి, మెట్ల మీదకు దిగింది. కింద ఎరువుల కొట్టు ఓనరు తలెత్తి చూసి, "ఏమ్మా, బొమ్మ యాడుంది, నువ్వు యాడికొచ్చావు?" అన్నాడు. ఆయన్ని మేమంతా బాబాయ్ అనేవాళ్లం. ఆవిడ వక్కపొడి పరీక్షలకు ఎక్కువగా బలయ్యేది ఆయనే.

ఆవిడ భర్తకు బజారులో బట్టల కొట్టుండేది. మీ ఆవిడేం చేస్తుందని ఎవరన్నా అడిగితే, "కంప్యూటర్లో బొమ్మలు గీస్తదండీ" అనేవాడు. దాంతో ఆ బజారు సగానికి ఆవిడ కార్టూను సినిమాలు తీస్తుందని నమ్మకం. పండగలకు పిల్లల్ని తీసుకొచ్చి కోతి బొమ్మ గీయమనేవాళ్లు. ఆవిడ గీసేది కూడా. ఆ కోతి ఎలా ఉండేదో చెప్పను, ఆవిడ చేసిన మిగతా పని మీద గౌరవం కొద్దీ.

చాలా రకాల చార్టులు చేసింది ఆవిడ. డెయిరీ కోసం పాల క్యాన్ల చార్టు. పాలు గదా, తెల్లగా ఉండాలని మా మేనేజరు పట్టుబట్టాడు. తెర కూడా తెల్లగా ఉంటుందని అప్పటికి ఎవరికీ తట్టలేదు. డెయిరీ వాళ్లు చూసి, "మా పాలన్నీ ఏమైనయ్ సార్?" అన్నారు. ఆవిడ ఏమీ అనకుండా వెనక స్టీలు రంగు వేసిచ్చింది. కోల్డ్ స్టోరేజీకి మిర్చి టిక్కీలు, అదే బస్తాలు, దొంతి పెట్టినట్టు ఒకటి చేసింది. ఏది మొదలుపెట్టినా ముందు లెక్కలేమీ లేకుండా ఖాళీ చార్టు ఎలా ఉంటుందో గీసేది. "ఖాళీ గిన్నె గిన్నెలాగా కనపడకపోతే, నిండు గిన్నె ఏం కనపడుద్ది?" అనేది. అన్నింట్లోకి నాకు గుర్తుండిపోయింది బోరు చార్టు.

మాచవరం అవతల ఒక ఊళ్లో రైతులు కొందరు కలిసి, బోర్లలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచే యంత్రాలు పెట్టించుకున్నారు. బావి అయితే తొంగిచూడొచ్చు. జానెడు గొట్టంలోకి ఏం తొంగిచూస్తారు? యంత్రం కొలిచి పంపిస్తుంది, మేం వాళ్ల ఫోన్లలో చూపించాలి. చిన్న పని కదా అని మా మేనేజరు లైబ్రరీలో ఉన్న మామూలు గీత చార్టే పెట్టించి పంపేశాడు. ఆవిడ అప్పుడు వేరే పనిలో ఉంది.

కొన్నాళ్లకు ఆ ఊరినుంచి ఒక పెద్దాయన ఫోను చేశాడు. ఫోను స్పీకర్లో పెట్టాను.

"బాబూ, మీ యంత్రం పెట్టిన వేళావిశేషం చానా మంచిదయ్యా. పెట్టినకాడ్నుంచి నీళ్లు పైకి పైకి వస్తన్నయ్. మా ఇంటామె ఆ డబ్బాకు పసుపు రాసి బొట్టు పెట్టింది. టెంకాయ కూడా కొట్టాం."

మా మేనేజరు ముఖం వెలిగిపోయింది. మా వస్తువుకు టెంకాయ కొట్టటం అదే మొదలు.

"పత్తి పీకేశాం. ఇన్ని నీళ్లుంటే ఊరుకోటం దేనికని, ఉన్న పొలమంతా మొక్కజొన్న వేద్దామనుకుంటన్నా. పక్క చేను కూడా కౌలుకు అడిగా. ఆ మాట చెప్పి దండం పెడదామని చేశా."

ఆవిడ కుర్చీలోంచి లేచి నా దగ్గరకొచ్చింది. తన ఫోన్లో ఆయన బోరు తాలూకు చార్టు తీసింది. నిజమే, గీత చక్కగా, మెట్టుమెట్టుగా పైకి పోతోంది. అయితే అది లోతు గీత. నీళ్లు ఎన్ని అడుగుల కిందికి పోతే అంకె అంత పెద్దదవుతుంది, అంకె పెద్దదయితే గీత పైకి పోతుంది. బోరులో నీళ్లు దిగిపోతుంటే బొమ్మలో ఎక్కుతున్నాయి. ఆ ఊరు ఊరంతా ఆ బొమ్మ చూసి సంతోషపడుతోంది.

ఆవిడ ఫోను తీసుకుంది. "పెద్దయ్యా, నీళ్లు పైకి రావట్లా. కిందికి పోతన్నయ్. మొక్కజొన్న వెయ్యబాకండి."

 ఆయన చాలా మర్యాదగా, "అమ్మా, బొమ్మలో పైకి పోతన్నయ్ గదా. నేను చూస్తానే ఉన్నా. మీరు యాడో పేటలో కూర్చోనుంటిరి," అన్నాడు.

"బొమ్మ తిరగేసి ఉంది పెద్దయ్యా."

"తిరగేసి చూశానమ్మా. ఫోను తిప్పితే అదీ తిరుగుద్ది," అన్నాడాయన. "వచ్చే పౌర్ణమి దాటంగానే పాలకేంద్రం కాడ అందరం కూర్చుంటన్నాం, ఎవరెంత వెయ్యాలో అనుకోటానికి. మీరు కూడా రండి, భోజనం పెడతాం."

ఆవిడ ఫోను పెట్టేసింది. మొక్కజొన్న నీళ్లు తాగే పంట. సగం ఎదిగాక నీళ్లు మోటారు కిందికి పోతే పైరు ఎండుతుంది, మోటారు గాలి పీల్చి కాలిపోతుంది, ఆ పెద్దాయన కౌలు చేనుతో సహా నడివేసవిలో నిలబడిపోతాడు. టెంకాయ కొట్టిన డబ్బా పక్కన.

"నోటితో చెబితే నమ్మడు," అంది. "బొమ్మ చెడగొట్టింది బొమ్మతోనే చెప్పాల."

మేనేజరు అప్పటికే పరిష్కారం కనిపెట్టాడు. "దానికంత ఆలోచనెందుకు? లైబ్రరీలో తలకిందులు చేసే మాట ఒకటుంది. ఒక్క మాట రాస్తే గీత కిందికి పోద్ది."

రాశాం. గీత కిందికి పోయింది. ఆవిడ వక్కపొడి వేసుకుని ఫోను పట్టుకుని కిందికి దిగింది. వెనకే నేను. బాబాయ్ కళ్లజోడు పైకి తోసి, పైన 'బోరు నీళ్లు' అని రాసున్న ఆ బొమ్మ చూశాడు.

"అబ్బో, గొట్టం నిండా నీళ్లే. ఎవరిదమ్మా ఈ బోరు? అదృష్టవంతుడు."

ఆవిడ వీధిలోకి వెళ్లి ఉమ్మేసి వచ్చింది. సంగతేమిటంటే, గీత తలకిందులైంది గాని, గీతకు వేసిన నీలంరంగు సున్నా దగ్గర్నుంచి గీత దాకా నిండుతుంది. సున్నా ఇప్పుడు పైన, నేల దగ్గరుంది. అంటే నేలనుంచి నీళ్ల దాకా, ఎండిపోయిన గొట్టమంతా నీలంగా కనిపిస్తోంది. నీళ్లు ఎంత కిందికి పోతే బొమ్మలో నీలం అంత పెరుగుతుంది. మొదటి బొమ్మ తప్పు చెప్పింది. ఇది అదే తప్పును రంగు వేసి చెబుతోంది.

"రెడీమేడ్‌కు బొత్తాలు మార్చితే కుదరదయ్యా," అంది. "గుడ్డ తెచ్చి కుట్టాల్సిందే."

ఆ తరవాత రోజుల్లో ఆవిడ కొత్త రకం చార్టు ఒకటి రాసింది. పైన ఒక గీత, అది నేల. అక్కడ్నుంచి కిందికి గొట్టాలు, వారానికొకటి చొప్పున పక్కపక్కన. అన్ని గొట్టాల్లోనూ ఒకే లోతున ఒక నల్లటి దిమ్మ, అది మోటారు. గొట్టం అడుగున నీళ్లు. అంతే. అంకెలు కూడా తాకితేనే కనపడతాయి. "మనూళ్లల్లో ఎవరన్నా నీళ్లు ఎన్ని అడుగులున్నయ్ అని అడుగుతారా? 'మోటారు మునిగుందా లేదా' అని అడుగుతారు. ఆ ప్రశ్నే గీశా," అంది.

మళ్లీ వక్కపొడి, మళ్లీ బాబాయ్. బొమ్మ తెరుచుకుంది.

"ఓయబ్బ, తన్నుకొస్తన్నయ్!" అన్నాడు బాబాయ్. వెంటనే ముఖం వాడిపోయింది. "ఏంది, ఆగిపోయినయ్?"

ఈ లైబ్రరీలకు ఒక సోకుంది. బొమ్మ తెరిచినప్పుడల్లా అడుగునుంచి పైకి లేచినట్టు చూపిస్తాయి, అందం కోసం. గొట్టాల్లో నీళ్లు అడుగునుంచి బుస్సున పైకి లేచి, ఉండాల్సిన చోట ఆగాయి. లేచినంతసేపే బాబాయ్ సంతోషం.

"బాగానే ఉంది గదక్కా," అన్నాను. "చివరికి సరిగ్గానే ఆగింది."

"ఆ చిటికెలో ఆయన ముఖం చూశావా?" అంది ఆవిడ. "బోర్లు వేసేవాళ్లు కూడా అంత ఆశ పెట్టరు." వెళ్లి ఆ కదలిక తీసేసింది. లేచేది లేదు, దిగేది లేదు. ఉన్నది ఉన్నచోట కనపడుతుంది. మూడోసారి బాబాయ్ బొమ్మ చూసి, "వీడి మోటారు నీళ్లలోంచి బయటపడేట్టుందే. ఎవరో చెప్పు, మొక్కజొన్న విత్తనం అడిగితే ఇవ్వను," అన్నాడు.

మింగింది.

పాలకేంద్రం దగ్గర కూర్చునే రోజు ఇద్దరం బస్సెక్కి పిడుగురాళ్ల మీదుగా వెళ్లాం. దారంతా నేను చెప్పాల్సిన మాటలు తయారుచేసుకున్నాను. గీత అంటే ఏమిటి, లోతు అంటే ఏమిటి, పాత బొమ్మ ఎందుకలా కనిపించింది, అన్నీ ఉపమానాలతో సహా. మంచి ప్రసంగం. దిగంగానే ఆవిడ పొట్లం విప్పి నా అరచేతిలో పోసింది.

"నాకెందుకక్కా?"

"నీకే కావాల్సింది. వేసుకో."

పాలకేంద్రం వరండాలో ఒక టీవీ ఉంది. నా ఫోనులోని బొమ్మ దాంట్లోకి ఎక్కించాం. రైతులు, వాళ్ల ఆడవాళ్లు, గోడకు ఆనుకుని కొందరు, అరుగు మీద కొందరు. ముందు వరసలో ఆ పెద్దాయన, భుజాన తువ్వాలు. ఆయన బోరే తెర మీద వేశాం. మేమిద్దరం చెరో పక్కన దవడలాడిస్తూ నిలబడ్డాం.

జనం తెర వంక, మా దవడల వంక మార్చి మార్చి చూశారు.

"ఏందమ్మా, ఇద్దరూ మాట్లాడరు? మౌనవ్రతమా?" అన్నాడు వెనకనుంచి ఒకాయన. నవ్వులు. నాకు ప్రసంగం గొంతు దాకా వచ్చింది. వక్కపొడి అడ్డం పడింది. ఆవిడ నా కాలి మీద కాలు పెట్టి నొక్కింది.

పెద్దాయన భార్య ముందుకు వంగి చూసింది. "ఏమయ్యో, ఆ నల్లది మన మోటారేనా?"

"మోటారే. మొన్న దించినప్పుడు నువ్వు చూళ్లా?"

"మరి నీళ్లు దాని నెత్తి దాకా దిగినయ్ గదా?"

పెద్దాయన లేచి టీవీ దగ్గరకు వెళ్లాడు. మొదటి గొట్టంలో నీళ్ల మీద వేలు పెట్టాడు. పక్క గొట్టానికి జరిపాడు. కొంచెం దిగింది. దాని పక్కదానికి. ఇంకొంచెం. అలా గొట్టం తరవాత గొట్టం, పొలంగట్టు మీద దిగుడు దిగుతున్నట్టు ఆయన వేలు మెల్లగా దిగుతూ పోయి, ఆఖరి గొట్టంలో నల్ల దిమ్మకు కాస్త పైన ఆగిపోయింది. బొమ్మ అక్కడితో అయిపోయింది గాని, ఆయన వేలు బొమ్మ లేనిచోట కూడా ఇంకొంచెం పక్కకు, ఇంకొంచెం కిందికి పోయింది. తువ్వాలుతో ఆ వేలు తుడుచుకున్నాడు.

"శివరాత్రి దాటితే మోటారు బయటపడుద్ది," అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

అంతే, వరండా లేచింది. "మాది వెయ్యండి, మాది వెయ్యండి" అని తలా ఒక బోరు వేయించుకున్నారు. "మీ మోటారు పొద్దుగూకే దాకా ఆడుద్ది, అందుకే మాయి దిగినయ్" అని ఒకడు, "నీ గట్టు కింద నాలుగు బోర్లెవడు ఏయించాడ్రా?" అని ఇంకొకడు. మౌనవ్రతమని ఎగతాళి చేసినాయన ఇద్దరి మధ్యా నిలబడి ఇద్దరితోనూ పోట్లాడాడు. ఈ గొట్టాలేంది, ఈ నీలమేంది అని ఒక్కరూ మమ్మల్ని అడగలేదు. అసలు మేమక్కడ ఉన్నామన్న సంగతి మర్చిపోయారు. నేను పక్కకు చూశాను. ఆవిడ కళ్లు సగం మూసుకుని, ఆ గొడవ వింటూ, త్యాగరాజ కీర్తన వింటున్నట్టు నిలబడి ఉంది.

పెద్దాయన మాత్రం ఆవిడ దగ్గరకొచ్చాడు. ముఖం ఎర్రగా ఉంది.

"పాత బొమ్మే బాగుందమ్మా. అదే పెట్టండి."

ఆవిడ అప్పటికి మింగేసింది. "పెడతా పెద్దయ్యా. బొమ్మ ఎంతసేపు. నీళ్లు మీరు పోస్తారా?"

ఆయన తువ్వాలు విదిలించి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. మొక్కజొన్నా, కాదా, కౌలు చేను తీసుకుంటాడా, లేదా, ఏమీ చెప్పలేదు. ఆయన భార్య మా ఇద్దరికీ అన్నం పెట్టింది. గోంగూర పచ్చడి వేస్తూ, "ఆయనకు కోపం వస్తే మంచిదేనమ్మా, ఆలోచిస్తన్నాడని," అంది. నాకు మాత్రం ఆ మాటతో ధైర్యం రాలేదు. తిరుగు బస్సులో అన్నాను, "అక్కా, పాత బొమ్మ తప్పని ఒక్క ముక్క చెప్పనిచ్చి ఉంటే బాగుండేది."

"చెబితే మనతో పోట్లాడేవాడు," అంది కిటికీలోంచి చూస్తూ. "ఇప్పుడు ఆ గొట్టంతో పోట్లాడుకుంటన్నాడు. ఎవరు గెలుస్తారో చూద్దాం." అన్నది గాని, నరసరావుపేట వచ్చే దాకా చేతిలో ఖాళీ పొట్లాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడుస్తూనే ఉంది.

తరవాత ఆయన ఫోను చేయలేదు. మేమూ చేయలేదు. ఆవిడే వద్దంది, అడిగితే అబద్ధం చెప్పాల్సొస్తుందేమో ఆయనకని. పొద్దున రాగానే ఆ బోరు ఒకసారి తెరిచి చూసేది. నీళ్లు దిగుతున్నాయని తెలుస్తుంది, పొలంలో ఏముందో తెలియదు. దానికి చార్టు లేదు. ఏ బొమ్మకైనా ఇలా రోజూ వెళ్లి చూడటం ఆవిడ అలవాటు కాదు, కాబట్టి మేమెవరం చూడనట్టే ఉండేవాళ్లం. మా మేనేజరు కూడా. ఆయనలో నాకు కనిపించిన మంచి గుణాల్లో అదొకటి. రెండోది ఇంకా వెతుకుతున్నాను.

ఎండలు ముదిరాయి. శివరాత్రి పోయింది, ఉగాది పోయింది. నీళ్లు ఆయన వేలు చూపించిన చోటికే దిగాయి. ఒకరోజు మధ్యాహ్నం భోజనాలవేళ ఫోను మోగింది. అందరం తినటం ఆపాం. ఆవిడ పెరుగన్నం చేత్తోనే స్పీకరు నొక్కింది.

"అమ్మా, బాగుండారా? నువ్వులు కోశాం. చేను బాగా వచ్చింది. రెండు తడులతో సరిపెట్టా."

నువ్వులంటే నీళ్లు అంతగా అడగని పంట. మా మేనేజరు బల్ల మీద కొట్టాడు. ఆవిడ ఊరుకోమని చెయ్యెత్తింది.

"కౌలు చేను తీసుకోలేదా పెద్దయ్యా?"

"అబ్బే. అది మా బావమరిది తీసుకుని మొక్కజొన్న వేశాడు. మోటారు కాలబెట్టుకున్నాడు. నేను చెబుతానే ఉన్నా, వినలా." గొంతు సవరించుకుని అన్నాడు. "మీ బొమ్మ మంచిదేగానమ్మా, ఉన్నమాట చెప్పాలిగా. దానివల్ల కాదు. నేను అంతకుముందే నువ్వులు అనుకున్నా. నాకు ముందే తెలుసు."

వెనకనుంచి ఆయన భార్య గొంతు వినపడింది. "ఎప్పుడనుకున్నావ్? టెంకాయ కొట్టినప్పుడా?"

"ఏమే, ఫోన్లో మాట్లాడుతుంటే ఊరుకో! నాకు ముందే తెలుసమ్మా. బోరు శబ్దం వింటేనే తెలిసిపోద్ది నాకు."

"అవును పెద్దయ్యా," అంది ఆవిడ. "మీరు అనుకున్నదే మేం గీశాం."

ఫోను పెట్టేశాక మా మేనేజరు చిన్నబుచ్చుకున్నాడు. "చూశారా, కనీసం మనవల్ల అని కూడా అనలేదు." ఆవిడ వినలేదు. చెయ్యి కూడా కడుక్కోకుండా, ఎంగిలి చేత్తోనే గబగబా మెట్లు దిగుతోంది. కిందనుంచి ఆవిడ గొంతు, పరీక్ష పాసైన పిల్ల గొంతులా, ఎరువుల కొట్టంతా వినిపించింది.

"బాబాయ్! ఆ పెద్దాయనకు ముందే తెలుసంట!"